అత్యవసర కాల్ సెంటర్లలో సైబర్ జాగ్రత్తలు

108, 112 లాంటి నంబర్లకు వచ్చే ఫోన్లు అందుకుని అంబులెన్సును, పోలీసులను, ఫైరింజన్‌ను పంపే సిబ్బంది తమ సిస్టమ్‌లూ, ఫోన్ చేసినవారి వివరాలూ పరాయివాళ్ల చేతిలో పడకుండా రోజూ తీసుకోవలసిన జాగ్రత్తలివి.

హ్యాకర్లకు పొరపాటు ఎంత చిన్నదైనా చాలని అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో తేలింది. 2018 మార్చిలో అక్కడి 911 అత్యవసర కాల్ కేంద్రంలో ఒక టెక్నీషియన్ ఏదో లోపం సరిచేస్తూ ఫైర్‌వాల్‌ సెట్టింగు మార్చాడు. దాంతో ఒక పోర్టు దాదాపు రోజంతా తెరిచే ఉండిపోయింది. డేటాకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ ముఠా అందులోంచే లోపలికి దూరింది. ఫోన్లు ఆగలేదు గానీ, సుమారు 17 గంటలు వివరాలను సిబ్బందే స్వయంగా డిస్పాచర్లకు అందించాల్సి వచ్చింది. కాగితం, పెన్నుతో కాల్ నడిపే సాధన అందుకే మానకూడదు.

షిఫ్ట్ మారేటప్పుడు ఎక్కువ జాగ్రత్త కావాలి. ఒకరు లేవగానే ఇంకొకరు అదే కుర్చీలో కూర్చుని, అదే హెడ్‌సెట్ పెట్టుకుని, పాత లాగిన్‌లోనే కాల్ తీసుకుంటే రికార్డు వేరే పేరుమీద నమోదవుతుంది. మంచినీళ్లకు లేచినా విండోస్ మీటతో పాటు ఎల్ నొక్కి స్క్రీన్ లాక్ చేయాలి. సొంత ఫోన్ ఛార్జింగు కోసం కేబుల్‌ను సిస్టమ్‌కు గుచ్చకూడదు; గోడకు ప్లగ్ ఉంటుంది.

అప్‌డేట్లు వాయిదా వేయడమూ ప్రమాదమే. వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. అయినా మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని ఆ ర్యాన్సమ్‌వేర్‌కు చిక్కాయి.

అన్నిటికంటే కష్టమైనది గొంతుతో చేసే మోసం. "స్టేషన్ నుంచి మాట్లాడుతున్నానమ్మా, ఇందాక ఫోన్ చేసినావిడ అడ్రస్ చెప్పండి" అని అడిగేవాడు ఆమెను కొట్టిన భర్తే కావచ్చు. సాయం చేయాలన్న తొందర ఈ ఉద్యోగంలో నరనరాన ఉంటుంది, మోసగాడికి అదే అలుసు. స్టేషన్ అధికారిక నంబరుకు తామే ఫోన్ చేసి నిర్ధారించుకునేదాకా అడ్రస్ నోరు దాటకూడదు.

స్క్రీన్ మీద వింత కనిపిస్తే, తప్పు తనదే అయినా, వెంటనే సూపర్‌వైజరుకు చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి.