కళింగనగరము: ముఖలింగమున నొకదినము

శ్రీకాకుళ విజయనగర ప్రాంతములవారు సకుటుంబముగా యాత్ర వెడలుదురేని అరసవల్లి, శ్రీకూర్మము, సింహాచలము సేవించి వత్తురు. కొంత ధనమును దీరికయు గలవారు రైలెక్కి పురీజగన్నాథమును, కోణార్కమును జూచి వచ్చి ఏండ్లతరబడి చెప్పుకొందురు. ఆ రెండు మహాలయములను గట్టించిన గాంగరాజుల రాజధాని శ్రీకాకుళమునకు ఏబది కిలోమీటర్లలోపున, వంశధార యొడ్డుననే యున్నదని వారిలో నెందఱెఱుగుదురు? ముఖలింగము శివక్షేత్రముగా మాత్రమే ప్రసిద్ధము. అదియే కళింగనగరమనుట విస్మృతప్రాయమైనది.

గాంగుల తామ్రశాసనములు పెక్కింటి యారంభమున 'కళింగనగరాత్' అను పదము కానవచ్చును. అపాదానమున బంచమి, ఆ నగరమునుండి యాజ్ఞ వెలువడినదని భావము. శాసనకర్తలు దానిని సర్వర్తువులందును సుఖకరమనియు, అమరపురమునకు సాటియనియు గొనియాడిరేకాని యెచట నున్నదో చెప్పరైరి. సమకాలికులకు జెప్పవలసిన పనియు లేకుండెను. వంశధార సముద్రమున గలియుచోటనున్న కళింగపట్టణమే యదియని ఫ్లీటుదొర తలచెను. నగరపట్టణశబ్దములు పర్యాయములగుటచే నీ యూహ సహజమే. అయినను పర్యాయత్వము కోశమునకు బ్రమాణముగాని భూగోళమునకు గాదు. పేరొకటియైనంతమాత్రమున ఊరొకటి కాదనుటకు కృష్ణాతీరమందలి శ్రీకాకుళమే మనకు సాక్షి.

ఈ యూహను ఖండించి కళింగనగరము ముఖలింగమే యని స్థాపించినవారు గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు (1863-1940). పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండి, గురువెవ్వడును లేకయే ముఖలింగపు ఱాతివ్రాతలు చదువ నేర్చిరి. శకవర్షము 979 నాటి వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును బ్రకటించినవారును వారే. వ్యావహారికభాషావిషయమున నేను వారి పక్షమువాడను గాను. శాసనవిషయమున మాత్రము వారికి శిరస్సు వంపక తప్పదు.

ఈ వివాదమున ముఖ్యప్రమాణము అనంతవర్మ చోడగంగదేవుని శకవర్షము 1040 నాటి విశాఖపట్టణ తామ్రశాసనము. అందు వంశవర్ణనమున, పూర్వరాజగు రెండవ కామార్ణవుని రాజధాని 'నగర'మను పేరిదనియు, అచట నాతడు లింగరూపుడగు నీశ్వరునకు ఉన్నతప్రాసాదము గట్టించెననియు, మధుకవృక్షసంబంధముచే నా దేవునకు మధుకేశుడని పేరు గలిగెననియు జెప్పబడినది. మధుకమనగా ఇప్ప. ఇప్పచెట్టునందు శివుడు ముఖముతో సాక్షాత్కరించెననియే ముఖలింగ స్థలపురాణమును జెప్పుచున్నది. అచటి మూలవిరాట్టు పేరు నేటికిని మధుకేశ్వరుడే. అమరకోశమున నీ వృక్షనామము మధూకమని దీర్ఘయుక్తముగా నున్నది, దేవుని పేరిట హ్రస్వము నిలిచినది. ఇది యర్థమునకు బాధకము గాదు. దేవుని పేరు, చెట్టు, ఆలయము మూడును నొక్కచోట గూడగా, నగరము వేఱొకచోట నుండుటెట్లు? వింత యేమనగా, ఈ శాసనమును బ్రకటించినవాడు ఫ్లీటుదొరయే.

ఇంతయు దెలిసి ఇంటివారిని వెంటబెట్టుకొని ముఖలింగమున కేగితిని. ఉదయమున మధుకేశ్వరుని, పిమ్మట ముఖమండపము లేక విమానమొక్కటియే శిల్పభరితమై నిలిచిన సోమేశ్వరుని, తుదకు భీమేశ్వరుని జూచితిమి. ఈ మూడవది శిల్పమున దక్కిన రెంటికి సాటిరాదు. కాని అనియంకభీమబిరుదాంకితుడగు వజ్రహస్తుని పేరు దాల్చినది గావున చరిత్రకారున కదియు దక్కువది కాదు. భోజనానంతరము మా తొమ్మిదేండ్ల మనుమడు "రాజధాని అన్నావు, కోటేదీ తాతా?" అని యడిగెను. ప్రశ్న న్యాయమైనదే. కళ్ల కగపడునవి గుడులు, పొలములు, ఇండ్లు, ఏఱు. దేవునికి ఱాతిగుడి గట్టించిన రాజు తన నగరునకు ఇటుకయు గొయ్యయు జాలుననుకొనెనేమో, అవి నిలువలేదు.

వానిని మరల మధుకేశ్వరాలయమునకు దోడుకొనిపోయి శాసనస్తంభములు చూపితిని. సంస్కృతమునను దెనుగునను లిఖితములైన యీ దానశాసనములు దక్షిణభారత శాసనముల యైదవ సంపుటమున ముద్రితములైనవి. అఖండదీపములకు రాచకుటుంబమువారును రాజోద్యోగులును జేసిన దానము లందున్నవి. దాతల నామావళియే రాజసభ యచటనుండెననుటకు సూచకము. మహాక్షేత్రమునకు దూరదేశపు దాతలును వత్తురు గావున, నిది యొక్కటియే చాలిన సాక్ష్యమని నేననను. తామ్రశాసనముతో గూడినప్పుడే దీనికి బలము. వాడు వ్రేలితో నక్షరముల వెంట బోవుచు నొక 'శ్రీ'ని పట్టుకొని సంతసించెను. పసుపుకుంకుమలును, దీపపు నూనెయు సోకినచోట్ల పెద్దలకును నక్షరము చిక్కలేదు. భక్తి పేరిట నక్షరము నిట్లు చెఱుచుట నేనొప్పను. ఆ దీపము నిచ్చినవాని పేరు కూడ నందే యున్నది గదా!

గుడికి సమీపమున నగరికటకమను గ్రామమున్నది. ఆ పేరు చెప్పగానే నా కోడలు "కటక్ లాగ ఉందే" యనెను. శబ్దమొక్కటియే. కటకశబ్దమునకు సేనానివేశమనియు, రాజధానియనియు నర్థములు గలవు. గాంగుల రాజ్యలక్ష్మి యుత్కళమునకు దరలిన పిమ్మట, మహానదీతీరమున వారి రాజధానికి నీ శబ్దమే పేరైనది. అచట కటకము నేటికిని మహానగరము. ఇచట నగరమును గటకమును రెండు పదములును గలసి, యొక చిన్నయూరికి బేరై మిగిలినవి.