కాలేయ క్యాన్సర్ జన్యు పట్టికలు మక్కల సీమకు వర్తిస్తాయా?

ఉత్తర తెలంగాణ పల్లెల్లో కళ్లు పచ్చబడితే పసిరికలన్నది ఒకటే పేరు. దాని వెనుక హెపటైటిస్ బి వైరస్ ఉండవచ్చు, సి వైరస్ ఉండవచ్చు, బూజు విషమూ ఉండవచ్చు. ఏళ్ల తర్వాత అదే కాలేయంలో క్యాన్సర్ గడ్డ పుడితే, జన్యు వ్యక్తీకరణను బట్టి మూలకారణాన్ని గుర్తించవచ్చునన్న వాదం ఒకటుంది. దాని ఆధారాలు తూచదగ్గవి.

1. జపాన్‌లో ఒకాబే బృందం 2001లో 20 గడ్డల్లో 23,040 జన్యువులను పరీక్షించింది. 2002లో ఈజుకా బృందం 45 గడ్డలను పోల్చి, బి, సి రకాల మధ్య 83 జన్యువుల్లో తేడా చూపింది. బి గడ్డల్లో ఐజిఎఫ్2, హెచ్19 వంటివి హెచ్చాయి. సి గడ్డల్లో విషహరణకు, రోగనిరోధక స్పందనకు చెందినవి హెచ్చాయి. అయితే ఆ 45లో బి గడ్డలు 14 మాత్రమే. పైగా సి వైరస్ క్యాన్సర్ ఎక్కువగా సిర్రోసిస్‌తో గట్టిపడిన కాలేయంలో పుడుతుంది. బి వైరస్ సిర్రోసిస్ లేకుండానూ క్యాన్సర్ తేగలదు. కాబట్టి ఆ తేడాలో కొంత వైరస్‌ది కాక, గడ్డ పుట్టిన కాలేయానిది కావచ్చు. 2008లో హోషిడా బృందానికి రోగి ఆయుర్దాయాన్ని సూచించే జన్యు ముద్ర దొరికింది గడ్డలో కాదు, చుట్టూ ఉన్న కణజాలంలో. ఈ అనుమానానికి అది బలమిస్తోంది.

2. డీఎన్ఏ సాక్ష్యం ఇంతకన్నా గట్టిది. సుమారు 3,200 అక్షరాల బి వైరస్ డీఎన్ఏ మన క్రోమోజోములలోకి చొరబడుతుంది. టెర్ట్ జన్యువు దగ్గర పదేపదే కనిపించింది. ఆర్ఎన్ఏ వైరస్ అయిన సి అలా చొరబడదు.

3. మూడోది బూజు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో బూజుపట్టిన మక్కలు తిని వందమందికి పైగా కామెర్లతో మరణించారు. ఆ విషం అఫ్లాటాక్సిన్ అని నివేదించినవారు హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు. బి వైరస్, అఫ్లాటాక్సిన్ రెండూ ఉన్న చైనాలోని చీడాంగ్‌లో, 1991 నాటి అధ్యయనం ప్రకారం, 16 గడ్డల్లో 8 టిపి53 జన్యువు 249వ కోడాన్‌లో ఒకే చోట దెబ్బతిన్నాయి. మార్కెట్ యార్డులో వానకు తడిసే మక్కల కుప్పలు కరీంనగర్‌కు కొత్త కావు. జొన్న తిండి ఎక్కువైన ఆదిలాబాద్ గూడేలను కరీంనగర్‌తో ఒకే గాట కట్టలేం.

అందువల్ల జపాన్ పట్టికతో ఇక్కడి గడ్డకు కారణం తేల్చడం తొందరపాటే అవుతుంది. శస్త్రచికిత్సలో గడ్డతోపాటు పక్క కణజాలాన్నీ భద్రపరచాలి. రోగి ఇంట్లో మక్కలు ఎన్ని నెలలు నిల్వ ఉంటాయో అడిగి రాసుకోవాలి.