ఉద్దానం తోటలో ఒక రోజు పొయ్యి

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోను చేసినప్పుడల్లా "ఆదివారం పెరట్లో బార్బెక్యూ పెట్టుకున్నామమ్మా" అంటుంటారు. పొద్దున్నే మొదలుపెడితే చీకటిపడేదాకా అదే సందడట. నిప్పుల దగ్గర మగవాళ్ళు, గడ్డిలో పిల్లలు, నాలుగిళ్ళ స్నేహితులు. అదేదో కొత్త సంగతి అన్నట్టు చెబుతారు గానీ, మన సోంపేట వైపు ఆడవాళ్ళకి ఇందులో కొత్తేముంది? కార్తీకమాసం వస్తే మనం చేసేదీ అదే కదా!

బార్బెక్యూ అనే మాట కరీబియన్ దీవుల్లో ఉండే టైనో జనానిది. కర్రలతో మంచెలా కట్టి, కింద నిప్పు పెట్టి, పైన మాంసం కాల్చుకునేవారు. స్పెయిన్ వాళ్ళ నోట పడి ఆ మాట ప్రపంచమంతా తిరిగింది. మన జీడిమామిడి చెట్టు కథా అలాంటిదే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి మన దేశానికి తెచ్చారు. పలాస జీడిపప్పు అని ఊరి పేరుతో చెప్పుకునేంతగా మనదైపోయింది.

సోంపేట, కంచిలి, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు చుట్టూ ఉన్న ఈ నేలకి ఉద్దానం అనే పేరు ఉద్యానవనం నుంచే వచ్చిందంటారు. ఇసుక నేల, కొబ్బరి, జీడి, పనస. ఊళ్ళ చుట్టూ వనమే ఉంటే వనభోజనానికి ఇంకెక్కడికి వెళ్ళాలి? ఇంటి వెనక తోటే చాలు.

ఈ ఆచారం మూలం కోసం చూస్తే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి భక్తిది. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోజనం పుణ్యమని పురాణం చెబుతుంది. రెండోది స్నేహానిది. పోతనగారి భాగవతం దశమస్కంధంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి చల్దులు తింటాడు. ఎవరింటి మూట వాళ్ళు విప్పుకుని, చుట్టూ కూర్చుని, ఒకరిది ఒకరు లాక్కుని తింటారు. అక్కడ పూజ లేదు, మడి లేదు, వరసలో పెద్దా చిన్నా లేదు.

మన ఆడవాళ్ళకి దక్కింది మాత్రం మూడో సంగతి. ఏడాదంతా వంటింట్లో ఒక్కతే నిలబడే మనిషికి ఆ ఒక్కరోజు పొయ్యి బయటికొస్తుంది. గాడిపొయ్యి తవ్వేది మగవాళ్ళు. కొబ్బరి మట్టలు ఎండినవి ఏరి తెచ్చేది పిల్లలు. గుండిగ దించాలంటే ఇద్దరు పట్టాలి. కంద బచ్చలి, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, పచ్చికొబ్బరి పచ్చడి, పరమాన్నం ఇంట్లో వండినవే అయినా, పదిమంది కూర్చుని తరిగితే ఆ పని పనిలా ఉండదు. కోడలు ఎంతసేపు మాట్లాడినా అత్తగారు ఏమీ అనని రోజు అది!

మన ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఒకప్పుడు సోంపేట గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జిల్లాలో చాలా భాగం అటు వెళ్ళింది, మనం విశాఖపట్నం జిల్లాలో కలిశాం. 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది. సరిహద్దు గీశారు గానీ ఇరుగుపొరుగుని ఎవరు విడదీస్తారు? ఒడియా వాళ్ళకి కార్తీకం మన ఆశ్వయుజ పౌర్ణమి మర్నాడే మొదలై కార్తీక పౌర్ణమితో అయిపోతుంది. మనకి దీపావళి మర్నాడు మొదలై అమావాస్య దాకా సాగుతుంది. అంటే ఇద్దరికీ కలిసొచ్చేది శుక్లపక్షం పదిహేను రోజులే. ఆ తర్వాత ఒడియా ఇంట చాడఖాయి, చేపలూ మాంసమూ. పక్క తెలుగింట ఇంకా ఉపవాసాలే. రెండిళ్ళూ ఒక్క విస్తట్లో కూర్చోవాలంటే తేదీ చూసుకుని పెట్టుకోవాలి.

కలిసి కూర్చోవడానికి ఇంత జాగ్రత్తపడిన చోటే, ఈమధ్య వనభోజనాలంటే కులసంఘాల సభలైపోతున్నాయి. బ్యానరు కడతారు, మైకు పెడతారు, వేరే కులం వాళ్ళకి పిలుపుండదు. పాతరోజుల్లో పంక్తిభేదం లేదని నేను అనను, బాగానే ఉండేది. కాకపోతే అప్పుడు సిగ్గుపడాల్సిన దాన్ని ఇప్పుడు ఫ్లెక్సీ మీద రాస్తున్నాం. తోటలో గుండిగ దించడానికి పట్టిన చేయి ఎవరిదో మనకి తెలుసు. ఆ మనిషిని పంక్తిలోకి పిలవకపోతే అది వనభోజనం ఎలా అవుతుంది?

ఇక చెట్ల మాట. బంగాళాఖాతం తుఫాన్లు తరచుగా అక్టోబరులో వస్తుంటాయి, సరిగ్గా కార్తీకం ముందు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి మన వైపు కొబ్బరిని కూల్చింది. కోలుకుంటున్నాం అనుకునేలోపే 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు. ఆ తర్వాత నెల తిరక్కుండానే, నవంబరు 8న కార్తీకం మొదలైంది. దీపం పెట్టడానికి నూనె దొరికింది గానీ కూర్చోవడానికి నీడ దొరకలేదు.

చెట్టు పోతే ఆదాయం పోయిందని లెక్క రాస్తారు, పరిహారం ఇస్తారు. చెట్టు కింద పోయిన పంక్తికి లెక్క ఎవరు రాస్తారు? దేశవాళీ కొబ్బరి కాపుకి రావడానికే ఆరేడేళ్ళు పడుతుంది, నలభైమంది కూర్చునే నీడ ఇవ్వడానికి ఇంకా ఎక్కువ. అందుకే మన వైపు ఆడవాళ్ళు మొక్కలు నాటుతున్నప్పుడు డబ్బు ఒక్కటే చూసుకోవద్దని నా మనవి. కొబ్బరి, జీడి మధ్యన ఒక ఉసిరి, ఒక పనస కూడా పెట్టండి. మన మనవలు ఏ దేశంలో ఉన్నా, వచ్చినప్పుడు వాళ్ళకి విస్తరి వేయడానికి చోటుంటుంది. పక్కింటివాళ్ళకి కూడా.