లేని లోకములకు పటములు

సెలవుదినమున మన ఇండ్లలో పిల్లవాడొకడు కంప్యూటరు ముందు కూర్చుండి, చిత్రలేఖన సాఫ్టువేరుతో ఎన్నడును లేని రాజ్యమునకు పటము గీయుచుండుట పాఠకులలో పలువురు చూచియుందురు. కొండలు, నదులు, కోటలు, రేవులు, వానికన్నిటికిని పేర్లు! ‘చదువు మాని ఇదేమి పని?’ అని మనము మందలింతుము. కాని ఈ పనికి పెద్ద చరిత్ర కలదు. అందు మన ఆంధ్రులకును పాలు కలదు.

పురాణములలోని భూగోళవర్ణనము మనకు తెలిసినదే. ఆంధ్ర మహాభాగవతమున దానికి స్థానమగు పంచమస్కంధమును గంగన తెనిగించెను. జంబూద్వీపము లక్ష యోజనముల వెడల్పు. దాని చుట్టును అంతే వెడల్పున ఉప్పుసముద్రము. ఆపై ప్రతి ద్వీపమును ముందుదానికి ఇనుమడి. ఈ లెక్కన ఏడవదియగు పుష్కరద్వీపము 64 లక్షల యోజనములు. విశ్వాసము సంగతి అటుంచినను, ఇందు గమనింపదగినది కొలత. ఎంతటి అద్భుతలోకమైనను లెక్క తప్పరాదు.

పాశ్చాత్యులలోను ఈ సంప్రదాయము కలదు. 1516లో వెలువడిన థామస్ మోర్ ‘యుటోపియా’ గ్రంథమున లేని ద్వీపమునకు పటము అచ్చువేసిరి. 1881లో స్కాట్లండునందు, వాన పట్టిన దినములలో, రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ వినోదార్థము ఒక దీవి పటము గీసెను. ‘ట్రెజర్ ఐలండ్’ కథ ఆ పటమునుండియే పుట్టినది. పుస్తకమును అచ్చునకు పంపగా మూలపటము పోయినది. అప్పుడాయన తన కథనే మరల చదివి, అందలి దిక్కులను, దూరములను ఏరి, వానికి సరిపడునట్లు పటమును మరల సిద్ధపరచెను. తన కల్పనకు తానే జవాబు చెప్పుకొనవలసి వచ్చెను.

ఇక దీనికి మారుముఖము చూడుడు. జేమ్స్ రెన్నెల్ 1767లో బెంగాలు సర్వేయరు జనరలుగా నియమితుడయ్యెను. భారతదేశ పటములతో గొప్ప కీర్తి గడించినవాడు. అట్టివాడే 1798లో, మంగో పార్క్ యాత్రావార్తల ఆధారమున, పశ్చిమ ఆఫ్రికా పటముపై ‘కాంగ్ పర్వతములు’ అను పొడవైన శ్రేణిని గీసెను. అట్టి శ్రేణి భూమిపై లేదు. అయినను గొప్పవాడు గీసినదగుటచే, ఒక పటమునుండి మరియొక పటమునకు అది ఎక్కుచు వచ్చెను. ఫ్రెంచి అధికారి బింజే స్వయముగ ఆ ప్రాంతము తిరిగి, 1889లో అది లేదని తెలుపువరకు సుమారు తొంబదియేండ్లు గడచెను. స్టీవెన్సన్ దీవి కల్పనయని ఒప్పుకొనినది గనుక ఎవరిని మోసగింపలేదు. రెన్నెల్ పర్వతములు కొలతవలె కనబడి మోసగించినవి.

ఈ రెంటికిని వేరువేరు చోటులిచ్చిన పనిలో మన ఏలూరివారగు కావలి సోదరులు పాల్గొనిరి. 1799 తరువాత కాలిన్ మెకంజీ మైసూరు సర్వే సాగించినపుడు కావలి వేంకట బొర్రయ్య ఆయనకు కుడిభుజమై నిలిచెను. 1803లో బొర్రయ్య మరణింపగా ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము వహించెను. కొలిచినది పటమున కెక్కెను. ఊరివారు చెప్పినది, స్థలపురాణముతో సహా, కైఫీయతున కెక్కెను. ఆ మెకంజీయే 1815లో భారతదేశపు మొదటి సర్వేయరు జనరలయ్యెను.

నేటి సాఫ్టువేరులో ఇదే నీతి ‘లేయరు’ అను పేర నున్నది. ఒక పొరపై తీరరేఖ, ఒకదానిపై కొండలు, నదులు, వేరొకదానిపై సరిహద్దులు, అన్నిటిపైన పేర్లు. మొదట స్కేలు నిర్ణయింపవలెను. నది మిట్టనుండి పల్లమునకే పారవలెను. వానగాలి తగులు కొండవైపున అడవియు, ఆవలివైపున మెట్టనేలయు నుండుట సహజము.

మనము నివసించు గురుగ్రామమును ఇట్టి పొరల ఊరే. పాండవులు ద్రోణాచార్యునకు గురుదక్షిణగా ఇచ్చిన గ్రామమని ప్రతీతి. 2016లో గుర్గావ్ పేరు గురుగ్రామ్‌గా మారినది. మెట్రో స్టేషనొకటి ఆ ఆచార్యుని పేరు ధరించినది. ఒక పొరపై భారతకథ. ఒకదానిపై చక్కర్‌పూర్, నాథూపూర్ వంటి పాతపల్లెలు. పైపొరపై అద్దాల మేడలు. దేనిని చెరుపనక్కరలేదు, ఏది ఏ పొరయో తెలిసిన చాలును. ఫైలుపై నోటు వ్రాయునపుడు విన్నదానిని, కన్నదానిని, కొలిచినదానిని వేరుపరచు మనకు ఇది క్రొత్త పాఠము కాదు.

కావున పిల్లవానిని మందలింపకుడు. ప్రక్కన కూర్చుండి, ‘నాయనా, ఈ నది ఎక్కడ పుట్టినది?’ అని యడుగుడు.