వాక్చికిత్సకులు – దేశాంతర యోగ్యతాపత్రములు

1939వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేది సాయంకాలము ఆరు గంటలకు బ్రిటిషు ప్రభువు ఆరవ జార్జి రేడియోలో ప్రసంగించెను. జర్మనీతో యుద్ధము ఆ దినముననే ప్రకటింపబడినది. విన్నవారికి రాజు కంఠము మాత్రమే వినబడినది. ఆ గదిలో రాజుతోపాటు మరియొక మనుష్యుడు నిలిచియుండెనని వారెరుగరు. అతడు మంత్రి కాడు, సేనాని కాడు, వైద్యుడును కాడు. ఆస్ట్రేలియా నుండి వచ్చిన లయొనెల్ లోగ్ అను ఉచ్చారణ గురువు. రాజునకు చిన్ననాటి నుండియు నత్తి.

మేము దినదినమును మైక్రోఫోను ఎదుట కూర్చుండువారము. ఎఱ్ఱదీపము వెలుగగనే నత్తి లేని నాలుక సైతము ఎండిపోవుట మాకు అనుభవమే. ఇక నత్తి గలవాని అవస్థ ఎట్టిదో ఊహింపవచ్చును. అందుచేతనే ఈ లోగ్ కథ మాకు ఎంతయు ఇష్టమైనది. కాని శ్రోతలకు నేడు మేము చెప్పదలచినది ఆయన చేసిన చికిత్సను గురించి కాదు. ఆయన యొద్ద లేని ఒక కాగితమును గురించి.

లోగ్ 1880లో అడిలెయిడ్ నగరమున జన్మించెను. వక్తృత్వ విద్య నేర్చి, పెర్త్ నగరమున దానినే బోధించి జీవించుచుండెను. మొదటి ప్రపంచ యుద్ధము నుండి మరలి వచ్చిన సైనికులలో పలువురకు మాట సరిగా వచ్చెడిది కాదు. కొందరు విషవాయువు పీల్చినవారు. కొందరు ఫిరంగుల మ్రోతకు మనసు చెదరినవారు. వైద్యులు వారికి చేయగలిగినది స్వల్పము. లోగ్ వారిచేత ఊపిరి సాధన చేయించెను, ఓపికతో మాటలాడించెను, అన్నిటికంటె ముఖ్యముగా 'నీకు నయమగును' అని నమ్మించెను. 1924లో భార్యతోను, ముగ్గురు కుమారులతోను ఓడ యెక్కి ఇంగ్లండు చేరి, లండనులో పేరుమోసిన వైద్యులుండు హార్లీ వీధిలో గది అద్దెకు తీసికొని బల్ల వేసికొనెను. 'నీ పట్టా యేది?' అని ఆయనను ఎవరును అడుగలేదు. లండనులో ఒకటి రెండు ఆస్పత్రులయందు వాక్చికిత్స ఆరంభమైయున్నను, దేశమంతటను చెల్లు పట్టా యనునది ఈ వృత్తికి ఇంకను ఏర్పడలేదు.

1925 అక్టోబరు 31న వెంబ్లీలోని సామ్రాజ్య ప్రదర్శనశాల ముగింపు సభలో నాటి యార్కు ప్రభువు, అనగా తరువాతి ఆరవ జార్జి, మాటకు మాటకు ఆగి నిలిచి ప్రసంగించుట సభవారును, రేడియో శ్రోతలును వినిరి. మరుసటి సంవత్సరము అక్టోబరులో ఆయన లోగ్ గది మెట్లెక్కెను. 1927 మే నెలలో కాన్‌బెరాలో పార్లమెంటు భవనమును తెరచునపుడు ఆయన ప్రసంగము చక్కగా సాగినది. రాజు మాటను దిద్దినవానికి విశ్వవిద్యాలయపు పట్టము లేదు, వైద్య పట్టము లేదు, సముద్రమునకు ఆవలి ఒడ్డున పొందిన యోగ్యతాపత్రమును లేదు.

ఆ తరువాతి భాగమే మాకు ఎక్కువ ఆశ్చర్యకరమైనది. ఈ లోగే 1935లో బ్రిటిషు వాక్చికిత్సకుల సంఘమును స్థాపించెను. అది తోటి సంఘము మరియొకదానితో కలిసి 1945లో 'కాలేజ్ ఆఫ్ స్పీచ్ థెరపిస్ట్స్'గా రూపొందినది. ఇచ్చట కాలేజి యనగా పాఠశాల కాదు; ఎవరు ఈ వృత్తికి అర్హులో నిర్ణయించు పెద్దల సంఘము. దాని తొలి సభ్యులలో లోగ్ ఒకడు. రాజు దానికి పోషకుడయ్యెను. ఆ కాలేజి వారి పరీక్ష నెగ్గినవారే వాక్చికిత్సకులను నియమము క్రమముగా బలపడినది. నలువది యేండ్లు దాటిన వయసున, చేత పట్టా లేకుండ, ఓడ దిగి హార్లీ వీధిలో బల్ల వేసికొనుట ఇక మరియొకనికి సాధ్యము కాదు. తాను ప్రవేశించిన ద్వారమునకు తానే గడియ బిగించెనని కొందరు ఆక్షేపింపవచ్చును.

మేము అట్లు ఆక్షేపింపము. మాట రానివానిని మోసగించుట కడు సులభము. మన ఇండ్లలో పసిబిడ్డకు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయుట నిరపాయమైన ముచ్చట. కాని నత్తిని కుదుర్తుమని ధనము గుంజిన మాయగాండ్రు అన్ని దేశములందును ఉండిరి. అయితే పట్టా యొక్కటియే రక్షణ యని కూడ మేము చెప్పజాలము. 1841లో బెర్లిను నగరమున డీఫెన్‌బాఖ్ అను శస్త్రవైద్యుడు నత్తి పోవుటకై రోగుల నాలుకమొదట కోతకోసి ముక్క తీసివేసెను. మత్తుమందులు ఇంకను వాడుకలోనికి రాని దినములవి. ఆయన మాయగాడు కాడు. యూరపు మెచ్చిన ఆచార్యుడు. ఆయనకు పట్టాలకు కొదువ లేదు. కావున అడుగవలసినది ఎవని చేత కాగితమున్నదని మాత్రమే కాదు, ఆ కాగితము దేనిని పరీక్షించి ఇచ్చినదని.

అమెరికాలోను ఇంచుమించు అదే కాలమున ఇదే పని జరిగినది. 1925 డిసెంబరులో న్యూయార్కున కొలదిమంది కూడి ఒక సంఘమును స్థాపించిరి. అది పలుమారులు పేరు మార్చుకొని తుదకు 'ఆషా' యను పొట్టి పేరుతో ప్రసిద్ధి చెందినది. 1965 నుండి మాస్టరు పట్టమో, దానికి సమానమైన చదువో లేనిదే ఆ సంఘము యోగ్యతాపత్రము ఇచ్చుట లేదు. 1969లో ఫ్లారిడా రాష్ట్రము, సంఘము పత్రముతో తృప్తిపడక, తన లైసెన్సును వేరుగా పొందవలెనని శాసించినది. మిగిలిన రాష్ట్రములును క్రమముగా ఆ దారినే త్రొక్కినవి. ఆ విధముగా ఒకే దేశములో పలు సరిహద్దులు మొలచినవి.

వియన్నా వైద్యుడు ఎమిల్ ఫ్రోషెల్స్ చరిత్ర వేరు. 'లోగోపెడిక్స్' అను పేరును ప్రచారమునకు తెచ్చినవాడాయన. 1924లో ఈ శాస్త్రమునకు అంతర్జాతీయ సంఘమును నెలకొల్పినవాడును ఆయనయే. 1938లో హిట్లరు సేన ఆస్ట్రియాను ఆక్రమించెను. యూదుడగు ఫ్రోషెల్స్ మరుసటి సంవత్సరము అమెరికా చేరి, అచ్చటనే పనిచేసి, 1972లో మరణించెను. ఆయన పేరే ఆయనకు పత్రము. పేరు లేని సామాన్య చికిత్సకుడు, తన కాగితములు కాలిపోయినవాడో, శత్రుప్రభుత్వము చేతిలో చిక్కుకొన్నవాడో, అట్టి రేవులో దిగినపుడు ఏమి చూపవలెను? ఆ ప్రశ్న నేటికిని తీరలేదు.

ఆయన ప్రచారము చేసిన మాట మాత్రము ఏ అనుమతియు లేకుండ దేశములు దాటి మన మైసూరు వరకు వచ్చినది. 1965లో మైసూరునందు ఏర్పడిన సంస్థకు మొదట పెట్టిన పేరు 'ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లోగోపెడిక్స్'. మైసూరు మహారాజు భూమి నిచ్చెను. 1966లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ శంకుస్థాపన చేసిరి. పేరు పిమ్మట 'స్పీచ్ అండ్ హియరింగ్' అని మారినది. 1983లో బొంబాయిలో కేంద్రప్రభుత్వము స్థాపించిన మరియొక సంస్థకు, ఒకప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా ఉండిన హైదరాబాదు వాసి నవాబు అలీ యావర్ జంగు పేరు పెట్టిరి. దాని ప్రాంతీయ కేంద్రము సికిందరాబాదున వెలసినది. తెలుగు బిడ్డలు ఈ విద్య కొరకు దూరదేశములకు పోవలసిన అగత్యము ఆ విధముగా తగ్గినది.

ఈ వృత్తికి మన దేశమున చట్టబద్ధమైన పట్టిక 1992నాటి రిహాబిలిటేషన్ కౌన్సిలు చట్టముతో ఏర్పడినది. పేరు నమోదు కానివాడు చికిత్స చేసినచో ఒక సంవత్సరము వరకు ఖైదు, వేయి రూపాయల వరకు జరిమానా, లేక రెండును. అందే 12వ సెక్షనులో, విదేశములతో పరస్పర గుర్తింపు గూర్చి కౌన్సిలు సంప్రదింపులు జరుపవచ్చునని వ్రాసిరి. మాకు ఆ సెక్షను చదువునపుడెల్లను, ఇంటివారు తలుపు తీసి గుమ్మమున నిలిచియుండగా ఎదురింటి తలుపు మూసియున్నట్లు తోచును.

ఎదురింటివారు తలుపు తీయకపోలేదు. తమలో తాము తీసికొనిరి. 2004లో అమెరికా, కెనడా, బ్రిటను, ఆస్ట్రేలియా వాక్చికిత్సక సంఘములు ఒండొరుల యోగ్యతాపత్రములను గుర్తించుటకు ఒడంబడిక చేసికొనినవి. పిమ్మట ఐర్లాండు, న్యూజీలాండు చేరినవి. ఆరు సంఘములును ఇంగ్లీషు మాటలాడు దేశములవే. అయినను ఆ ఒడంబడికవలన దొరకునది సంఘపు గుర్తింపే కాని, చికిత్స చేయుటకు అధికారము కాదు. బ్రిటనులో ప్రభుత్వ శాసనముచే ఏర్పడిన పట్టికలోను, అమెరికాలో ఆయా రాష్ట్రముల లైసెన్సు కార్యాలయములోను మరల నిలువవలసినదే.

ఇక మైసూరులోనో సికిందరాబాదులోనో చదివి, పెండ్లియై అమెరికా వెళ్లిన మన యువతి సంగతి చూడుడు. ఆమె చదివిన ప్రతి పాఠ్యాంశమును అచ్చటివారు తూచి చూతురు. రోగులతో గడపిన కాలము 400 గంటలని సాక్ష్యములతో చూపవలెను. ఏండ్ల క్రిందట తనకు శిక్షణ నిచ్చినవారు ఉద్యోగము మాని ఏ ఊర నున్నారో వెదకి సంతకము తెప్పించుకొనవలెను. ఆపై జాతీయ పరీక్ష. ఆపై ఒకరి పర్యవేక్షణలో మరల కొంతకాలపు పని. ఆపై రాష్ట్రపు లైసెన్సు. ఉద్యోగపు వీసాతో పోవువారికి 1996నాటి వలస చట్టము మరియొక ధ్రువపత్రమును కూడ విధించినది. ఇవి యన్నియు నెరవేరునంతలో బిడ్డలు పుట్టి పెద్దవారగుదురు. కొందరు విసిగి వేరు పని చూచుకొందురు. పదిమంది పిల్లలకు మాట నేర్పిన చేయి లెక్కలు వ్రాయుటతో సరిపెట్టుకొనుట మాకు కష్టముగనే తోచును.

శస్త్రవైద్యునకు ఏ దేశమందైనను గుండె ఒక్కటియే. వాక్చికిత్సకునకు అట్లు కాదు. అతని పనిముట్టును భాషయే, అతడు దిద్దు వస్తువును భాషయే. బ్రిటను పట్టికవారు ఇతర ఆరోగ్యవృత్తులవారికి ఇంగ్లీషు పరీక్షలో 7 మార్కులు చాలునన్నచోట, వాక్చికిత్సకులకు 8 కావలెననుచు వచ్చిరి. అందు న్యాయము లేకపోలేదు. కాని యాస వేరు, లోపము వేరు. తెలుగువాడు నాలుకను పండ్ల నడుమ ఉంచి ఊదవలసిన ఇంగ్లీషు ధ్వనికి బదులు మన 'థ'కారమును పలుకును. అది రోగము కాదు, తల్లిభాష ముద్ర. అమెరికా సంఘము 1983లో ఏ మాండలికమును రోగము కాదని ప్రకటించినది. యాస గల చికిత్సకులను యాస కారణముననే త్రోసివేయరాదని 1998లో తెలిపినది. వెంబ్లీలో మాట ఆగిన రాజునకు మాట నిచ్చినవాడు పరదేశి యని ఎరిగినవారికి ఈ రెండవ ప్రకటన వచ్చుటకు అంతకాలము పట్టుట వింతగ నుండవచ్చును.

తూచని వస్తువు మరియొకటి కలదు. పక్షవాతము వచ్చి నోటిమాట పడిపోయిన వృద్ధునకు, రెండు భాషలు వచ్చియున్నచో, ఏది ముందు తిరిగి వచ్చునన్న దానిని ఫ్రాన్సులో రీబో 1881లోను, పిత్ర్ 1895లోను విచారించిరి. చిన్ననాటి భాష ముందు వచ్చునని ఒకరు, ఎక్కువగ వాడిన భాష ముందు వచ్చునని మరియొకరు. రోగులు ఇద్దరి మాటకును పూర్తిగ లోబడలేదు. కుమారుని యింట నుండుటకై న్యూజెర్సీకి పోయిన మన పెద్దలలో ఒకరికి అట్టి జబ్బు వచ్చినదనుకొందము. ఆస్పత్రిలో అన్ని పత్రములును గల చికిత్సకురాలు ఇంగ్లీషున ప్రశ్నించును. కుమారుడు తెలుగు చేసి చెప్పును. తండ్రి పలికిన 'మంచినీళ్లు'లో ఒత్తు జారినదో, అది వారి కృష్ణా తీరపు పలుకుబడియో ఆమెకు చెప్పుట కుమారుని వంతు. అదే ఊరిలో, నాలుగు వీధుల అవతల, తన 400 గంటలకు సంతకముల కొరకు ఉత్తరములు వ్రాయుచు మన యువతి కూర్చుండియుండవచ్చును.