యమహా ఆర్.ఎక్స్. 100 ఇంజను ఓవర్‌హాలింగ్

యమహా ఆర్.ఎక్స్. 100 ఇంజను ఓవర్‌హాలింగ్ అనగా ఈ మోటారు సైకిలు యొక్క అరిగిపోయిన ఇంజనును విప్పి, శుభ్రపరచి, కొలతలు తీసి, పాడైన భాగాలను మార్చి తిరిగి బిగించే పని. జపానుకు చెందిన యమహా సహకారంతో ఎస్కార్ట్స్ సంస్థ 1985లో భారతదేశంలో విడుదల చేసిన ఈ బండి తయారీ 1996లో నిలిచిపోయింది. అయినప్పటికీ పాత బండ్లకు గిరాకీ తగ్గలేదు. ఇంజను పనిని ఇంటివద్ద మొదటిసారిగా నేర్చుకోదలచిన వారికి అనువైన ఇంజనులలో ఇది ఒకటి.

ఇంజను స్వభావం

ఇది గాలితో చల్లబడే, ఒకే సిలిండరు గల 98 సి.సి. టూ స్ట్రోక్ ఇంజను. బోరు 50 మి.మీ., స్ట్రోకు 50 మి.మీ. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఉండే క్యాంషాఫ్టు, టైమింగ్ చైను ఇందులో ఉండవు. సిలిండరు గోడలోని పోర్టులను పిస్టనే తెరుస్తూ మూస్తూ ఉంటుంది. కార్బొరేటరు వైపున ఒక రీడ్ వాల్వు మాత్రం ఉంటుంది. భాగాలు తక్కువ గనుక విప్పడం తేలిక. అయితే పిస్టను క్రింది క్రాంకుకేసు కూడా పంపువలె పనిచేస్తుంది గనుక ఆయిల్ సీలు లేదా ప్యాకింగు వద్ద గాలి చొరబడితే పెట్రోలు పాలు తగ్గి, ఇంజను అతిగా వేడెక్కి, పిస్టను సిలిండరులో పట్టేస్తుంది. దీనినే సీజ్ కావడం అంటారు. వేగంగా పోతున్నపుడు ఇలా జరిగితే వెనుక చక్రం బిగుసుకుపోయి బండి పడిపోవచ్చు. వెంటనే క్లచ్చి పట్టడమే తరుణోపాయం.

విప్పుట

చల్లారిన ఇంజను హెడ్డు నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా వదులు చేయాలి. సిలిండరు ఎత్తగానే క్రాంకుకేసు నోటిలో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. గజన్ పిన్నుకు ఇరువైపులా ఉండే సర్‌క్లిప్ గోరంత తీగముక్కే గాని, అది జారి లోపల పడితే తీయడానికి ఇంజను మొత్తం విడగొట్టవలసి రావచ్చు. మాగ్నెటోను పుల్లరుతోనే లాగాలి, సుత్తితో కొట్టరాదు.

కొలతలు

కొత్తవారు సాధారణంగా వదిలివేసే పని ఇదే. సిలిండరును పైన, మధ్యన, క్రింద, రెండేసి దిశలలో బోరు గేజీతో కొలవాలి. ఈ కొలతలలో తేడా పరిమితిని మించితే కొత్త రింగులు మాత్రమే వేసి ప్రయోజనం లేదు. అప్పుడు 0.25 మి.మీ. లేదా అంతకంటె పెద్ద సైజు పిస్టను ముందుగా కొని, దానిని కొలిచి, ఆ కొలతకు తగినట్లు లేతు షాపులో బోరింగు, హోనింగు చేయించాలి. తరువాత పోర్టుల అంచులను కొద్దిగా నునుపు చేయించకపోతే రింగు తగులుకొని విరుగుతుంది.

కనెక్టింగు రాడ్డును నిలువుగా పైకి లాగినపుడు ఆట తెలిస్తే క్రాంకు పని కూడా ఉన్నట్లే. క్రాంకును ప్రెస్సు మీద విడదీసి, తిరిగి కూర్చి సరిచూడాలి గనుక ఇది ఇంటివద్ద సాధ్యం కాదు. సైలెన్సరు నుండి తెల్లని పొగ విపరీతంగా వస్తూ గేరు ఆయిలు తగ్గుతూ ఉంటే క్లచ్చి వైపు ఆయిల్ సీలు పోయిందని అనుమానించాలి.

బిగించుట

పిస్టను మీది బాణపు గుర్తు సైలెన్సరు వైపు ఉండాలి. రింగు కొసలు గాడిలోని చిన్న పిన్నుకు ఇరువైపులా కూర్చోవాలి. పాత సర్‌క్లిప్ ఎంత బాగున్నా మళ్ళీ వాడరాదు. అన్ని భాగాలకు 2టీ ఆయిలు పూసి, సిలిండరును మెలితిప్పకుండా నిలువుగా దించి, హెడ్డు నట్లను సర్వీసు మాన్యువలులోని టార్కు ప్రకారం బిగించాలి.

మొదట కొన్ని నిమిషాలు నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి. ఇలా రెండు మూడు సార్లు చేసిన తరువాత, చల్లని ఇంజను మీదనే హెడ్డు నట్లను మరల సరిచూస్తారు. మొదటి కొన్ని వందల కిలోమీటర్ల వరకు ఆక్సిలరేటరు పూర్తిగా తిప్పరాదు, ఒకే వేగంతో ఎక్కువ దూరం పోరాదు.