అమ్మమ్మ కూలి ఎవరిస్తారు?
(మన చదువుల చరిత్ర – 11)



పోయిన భాగంలో స్కాలర్‌షిప్ ఎట్లా పుట్టిందో రాశాను. షెడ్యూల్డ్ కులాల గోడు వినిపిస్తూ బాబాసాహెబ్ 1942లో వైస్రాయ్‌కి ఇచ్చిన వినతిపత్రం, 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్. అదే కాలంలో ఇంకొకటి కూడా పుట్టింది. దాన్ని మనం చదువుల చరిత్రలో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అది క్రెష్. తల్లి పనిలో ఉన్నంతసేపూ పసిపిల్లను చూసుకునే చోటు.

1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబే. గనుల్లో పనిచేసే ఆడవాళ్ల పిల్లలకు క్రెష్ పెట్టాలని గనుల చట్టాన్ని సవరించింది ఆ ఏళ్లలోనే. 1946లో మైన్స్ క్రెష్ రూల్స్ వచ్చాయి. ఆయనకు ఇది కొత్త ఆలోచన కాదు. 1928లోనే బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే అవసరమనీ, ఆ ఖర్చులో పెద్ద వంతు ప్రభుత్వమే భరించాలనీ వాదించారు.

అంటే చదువుకునేవాళ్లకు స్కాలర్‌షిప్, పనిచేసే తల్లికి క్రెష్, రెండూ రెండేళ్ల తేడాలో వచ్చాయి. మరి చదువుకునే తల్లికి? ఆమె ఏ కాగితంలోనూ లేదు. స్కాలర్‌షిప్ రాసిన అధికారుల మనసులో ఉన్న విద్యార్థి పెళ్లికాని కుర్రాడని నా అంచనా. చంకలో పిల్లతో కాలేజీ గేటు దగ్గర నిలబడ్డ మాదిగ, మాల ఆడపిల్ల వాళ్ల ఊహకు అందలేదు.

మనవాళ్లకు మాత్రం ఆ ఊహ ముందునుంచీ ఉంది. 1855లో పూనాలో ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగ్ పిల్ల ముక్తా సాల్వే రాసిన వ్యాసం ‘జ్ఞానోదయ’ పత్రికలో అచ్చయింది. ఆమెకు అప్పుడు పద్నాలుగేళ్లు. మన సాహిత్య చరిత్రల్లో ఆ వ్యాసాన్ని మతం మీద సంధించిన ప్రశ్నగా మాత్రమే చెప్పుకుంటాం. ఇంటిమీద కప్పు కూడా లేక వానకూ చలికీ తడుస్తూ కాన్పయ్యే మాంగ్, మహార్ తల్లుల గురించి కూడా ఆ పిల్ల రాసింది. చదువుకున్న దళిత ఆడపిల్ల కలం పట్టగానే బాలింత గుర్తుకొచ్చింది!

ఇక మన తెలుగు నేల సంగతి. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆ పెళ్లిలోంచి బయటికొచ్చి బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా కట్టింది. తనలాగా చదువాగిపోయిన ఆడవాళ్లను మద్రాసులో కూర్చోబెట్టి అదే పరీక్షకు తయారుచేసింది. అట్లా పెరిగిందే ఆంధ్ర మహిళా సభ. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యాక, 1958లో ఆ అనుభవాన్నే దేశమంతటికీ పథకంగా మార్చారు. దాని పేరు కండెన్స్‌డ్ కోర్సు. పెళ్లయిన, భర్త పోయిన, భర్త వదిలేసిన ఆడవాళ్లు రెండేళ్లలో మెట్రిక్ పూర్తిచేసే దారి అది. మన వాడల నుంచి వచ్చిన మనిషి కాకపోయినా ఈ విషయంలో ఆమెకు నేను చెయ్యెత్తి దండం పెడతాను.

తర్వాత 1970ల మధ్యలో అదే బోర్డు చేతికి క్రెష్‌ల పథకం కూడా వచ్చింది. దాని పేరు చూడండి: పనిచేసే తల్లుల, జబ్బుపడ్డ తల్లుల పిల్లల క్రెష్‌లు. తల్లి పనికి పోవాలి, లేదా మంచాన పడాలి. పుస్తకం పట్టుకుంటే ఆ పేరులోకి రాదు. పక్క ఫైల్లో కండెన్స్‌డ్ కోర్సు ఉండనే ఉంది.

ఈ ముడిని విప్పినవాళ్లు లేకపోలేదు. తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ అనే ఊరికి వెళ్లి బాలవాడి పెట్టారు. వాడ పిల్లలు అక్కడికి రాలేదు. దాంతో బడే వాడలోకి వెళ్లి ఇళ్ల ముంగిట్లో కూర్చుంది. అంగన్‌వాడీ అనే మాటకు మూలం ఆ ముంగిలే. అనుతాయికి పదమూడేళ్లకు పెళ్లి, కొద్ది నెలలకే భర్త పోయాడు. తర్వాత వాళ్లు కోస్‌బాడ్ కొండ మీద వార్లీ ఆదివాసీల మధ్యకు చేరారు. ఆడపిల్ల బడికి రాకపోవడానికి కారణం చదువంటే ఇష్టం లేకపోవడం కాదనీ, తమ్ముణ్ణో చెల్లినో ఎత్తుకోవలసి రావడమనీ గమనించారు. క్రెష్, బాలవాడి, ప్రాథమిక పాఠశాల మూడూ ఒకే చోట నడిపారు. దానికి ‘వికాసవాడి’ అని పేరు పెట్టారు. తమ్ముడు పక్క గదిలో, అక్క తరగతిలో.

1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ మొదలైనప్పుడు అంగన్‌వాడీ పేరు తీసుకున్నారు గానీ, ఆ పక్క గదిని వదిలేశారు. మూడేళ్లు నిండితేనే పిల్ల కేంద్రంలో కూర్చుంటుంది. అంతకంటే చిన్నదైతే మన దగ్గర బాలామృతం ప్యాకెట్ ఇంటికొస్తుంది, పిల్ల తల్లి ఒడిలోనే ఉంటుంది. ఫ్యాక్టరీల చట్టం (1948), తోట కార్మికుల చట్టం (1951), 2017 ప్రసూతి సవరణ, అన్నీ పని చోట క్రెష్ గురించే మాట్లాడాయి. కాలేజీ ఎక్కడా లేదు.

ఇది కొద్దిమంది గోలని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అంటే డిగ్రీ చదవాల్సిన వయసుకు వీళ్లలో చాలామంది తల్లులు.

నా తరగతిలో ప్రతి ఏడాదీ ఒకరిద్దరు ఉంటారు. రెండో సెమిస్టర్లో కాన్పు, మూడో సెమిస్టర్లో హాజరు పడిపోతుంది. 75 శాతం లేకపోతే స్కాలర్‌షిప్ రాదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగుతుంది. బకాయి కట్టేదాకా సర్టిఫికెట్లు బీరువాలోనే. పిల్ల తండ్రికీ ఇరవై రెండేళ్లుంటాయి. అతను అప్పటికే చదువు మానేసి డెలివరీ బండి నడుపుతుంటాడు. అతని చదువు పోయిన సంగతిని ఎవరూ లెక్కలోకి కూడా తీసుకోరు. ఇంత జరిగినా అమ్మాయి పరీక్ష రాస్తుందంటే, బయట చెట్టు కింద పిల్లను ఆడిస్తూ అమ్మమ్మ కూర్చుందని అర్థం.

ఆ అమ్మమ్మ ఆ రోజు కూలి పోగొట్టుకుంది. మన ఇళ్లల్లో క్రెష్ ఫీజంటే అదే. కొంచెం కలిగిన ఇంట్లో ఆయాకు జీతమిస్తారు, మన ఇంట్లో ఒక మనిషి దినం కూలి మానేస్తుంది. ఆ కూలి మానలేని ఇంట్లో అమ్మాయి చదువు మానేస్తుంది.

2005 ఉపాధి హామీ చట్టంలో ఒక నిబంధన ఉంది. పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలి. అంటే పిల్లను చూడటం కూలి పనేనని చట్టం ఒప్పుకుంది. అదే అమ్మమ్మ చెరువు పూడిక దగ్గర పిల్లల్ని చూస్తే కూలి, కాలేజీ చెట్టు కింద చూస్తే సున్నా.

స్కాలర్‌షిప్ పద్దులో అట్లాంటి ఖర్చుకు చోటెక్కడిదని అడుగుతారు. చోటు ముందునుంచే ఉంది. పోస్ట్‌మెట్రిక్ నిబంధనల్లోనే చూపులేని విద్యార్థికి పుస్తకం చదివి వినిపించే మనిషి కోసం రీడర్ భత్యం ఇచ్చారు. విద్యార్థి చదవాలంటే పక్కన ఇంకో మనిషి శ్రమ అవసరమని, దానికి డబ్బివ్వాలని ఒప్పుకున్నట్టే కదా. పిల్లను చూసే మనిషికీ అదే సూత్రం వర్తించాలి.

యూజీసీ 2016లో పీహెచ్‌డీ స్త్రీలకు 240 రోజుల సెలవిచ్చింది. 2021 డిసెంబర్లో డిగ్రీ, పీజీ విద్యార్థినులకూ ప్రసూతి సెలవు నిబంధనలు చేసుకోమని విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. మంచిదే. కానీ సెలవు అయిపోయిన తెల్లారి పిల్ల ఎక్కడుండాలి?

విద్యార్థి సంఘాల తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఏడాది వినతిపత్రంలో మూడు వాక్యాలు చేర్చండి. ప్రసూతి రోజుల్ని 75 శాతం హాజరు లెక్కలోంచి తీసేయాలి. స్కాలర్‌షిప్‌తోపాటు శిశుసంరక్షణ భత్యం ఇవ్వాలి, అది చెట్టు కింద కూర్చున్న అమ్మమ్మ పేరు మీదైనా సరే. జిల్లా కేంద్రంలో ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఒక క్రెష్ గది ఉండాలి. దానికంటే ముందు మీ కాలేజీలో ఇట్లాంటి తల్లులు ఎంతమంది ఉన్నారో, వాళ్లలో ఎంతమందికి స్కాలర్‌షిప్ ఆగిందో లెక్క తీయండి. ప్రిన్సిపాల్ దగ్గర ఆ లెక్క ఉండదు.

వచ్చే వారం హాస్టళ్ల గురించి.

జై భీమ్.